కోయిలుకు వెళ్ళని ఆదివారాలు

పోయిన ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. మోకాళ్ళు మొరాయించాయి. తిరుప్పూరులో మా కూతురి ఇల్లు రెండో అంతస్తులో ఉంది. మెట్లు దిగడం ఒక పని, మళ్ళీ ఎక్కడం ఇంకో పని. నా మనవరాలు తన ఫోను తెచ్చి నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టింది. "ఈడనే చూడు అవ్వా. పాటలు, ప్రసంగం, అంతా వస్తాది" అని చెప్పి స్నానానికి పోయింది. నేను మంచం మీద దిండుకు ఆనుకుని చూశాను. బాగానే పాడుతున్నారు. నేనూ సన్నగా గొంతు కలిపాను. సగంలో బొమ్మ బిగుసుకుపోయింది. వాళ్ళు నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉండిపోయారు. గదిలో నా గొంతు ఒక్కటే మిగిలింది. ఎందుకో సిగ్గేసి ఆపేశాను.

మనవరాలు తల తుడుచుకుంటూ వచ్చి, "ఇంట్లో జెపం చేస్తే దేవుడు వినడా ఏమి? ఇంత నొప్పితో ఏంటికి పోవాల?" అంది. ప్రేమతోనే అడిగింది పిచ్చిది.   ఆ మాట నాకు కొత్త కాదు. ఇంచుమించు ఆ మాటే మా నాన్న, మేము నైనా అనేవాళ్ళం, ఆయన కూడా అన్నాడు. అప్పటికి నాకు పదేళ్ళుంటాయేమో. మిల్లులు మూడు షిఫ్టులూ నడిచే రోజులు అవి.

మేము కోయంబత్తూరులో ఒక మిల్లు వెనక లైనిళ్ళలో ఉండేవాళ్ళం. ఒకే గోడకు అతుక్కున్న వరస ఇళ్ళు. ఒకరింట్లో పోపు పెడితే అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు తుమ్మేవారు. మిల్లు సైరన్‌ను అక్కడ సంగు అంటారు. సంగు ఊదితేనే మాకు తెల్లవారేది, సంగు ఊదితేనే పొయ్యి వెలిగేది. నైనా నూలు వడికే మరల దగ్గర పని చేసేవాడు. షిఫ్టు దిగి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల్లో, మీసంలో తెల్లటి దూది పీచు. గుమ్మంలోకి అడుగుపెట్టేటప్పుడు ముసలాయనలా ఉండేవాడు. మొహం కడుక్కుంటే మళ్ళీ మా నైనా అయ్యేవాడు. కాని ఆ వాసన మాత్రం పోయేది కాదు. మర నూనె, వేడెక్కిన ఇనుము, చెమట. ఇప్పటికీ ఎక్కడైనా కుట్టుమిషను తెరిచి నూనె వేస్తుంటే నేను ఒక్క క్షణం తలెత్తి చూస్తాను.

చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామందే ఉండేవారు. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడినవాళ్ళు. పల్లెల్లో పొలాలు, టౌన్లో అంగళ్ళు. వాళ్ళందరూ పెరుమాళ్ళను కొలిచేవాళ్ళు. మా తాత మాత్రం క్రైస్తవంలో చేరాడు. అందువల్ల మేము రెండు పక్కలా కొంచెం ఎడంగానే ఉండేవాళ్ళం. తెలుగువాళ్ళకు మేము క్రైస్తవులం, చర్చిలో అరవవాళ్ళకు మేము తెలుగువాళ్ళం. అరవంలో గుడికీ చర్చికీ మాట ఒకటే. అదే మా తెలుగులోకీ వచ్చేసింది. మేము చర్చికి వెళ్ళడాన్ని కూడా కోయిలుకు పోవడం అనే అనేవాళ్ళం.

కోయిలంటే పెద్ద కట్టడమేమీ కాదు. పెంకుల కప్పు, సున్నం గోడలు, ఇరుపక్కలా కిటికీలు. గంట లేదు. చెట్టుకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీసి సుత్తితో కొట్టేవారు. లోపల చాపలు పరిచేవారు. మగవాళ్ళు కుడిపక్క, ఆడవాళ్ళు ఎడమపక్క. ఆదివారం పొద్దున ఆడవాళ్ళ వైపు కొబ్బరినూనె, మల్లెపూలు, పెట్టెల్లోంచి తీసిన చీరల కలరా ఉండల వాసన. మగవాళ్ళ వైపు అంతా మిల్లు వాసన. రాత్రి షిఫ్టు చేసి ఇంటికి పోకుండా నేరుగా వచ్చేవాళ్ళు ఉండేవారు. ప్రసంగం మొదలయ్యేసరికి గోడకు తల ఆనించి నిద్రపోయేవారు. ఎవరో లేపబోతే పాస్టరు అయ్యగారు చెయ్యి ఊపి వద్దనేవారు. "పడుకోనీండి. వారమంతా వాళ్ళకు ఇంత గాలి ఆడే చోటు ఇదొక్కటే" అనేవారు. ఆయన ప్రసంగాల్లో నాకు గుర్తున్న మాట అదొక్కటే.

మాకు, అంటే పిల్లలకు, పొడుగాటి ప్రార్థనలంటే ఆట. కళ్ళు మూసుకున్న పెద్దవాళ్ళ మధ్య మేము చాపల పోచలు పీకేవాళ్ళం. మా ముందు ఎప్పుడూ ఒక ముసలామె కూర్చునేది. మిల్లులో నూలు చుట్టే రీలింగు పనిలో చాలా ఏళ్ళు చేసింది కాబట్టి ఆమెను అందరూ రీలింగు అవ్వ అనేవారు. మనిషి ఎండుమిరపకాయలా ఉండేది, మాటా అంతే. ఒకసారి నేను ఆమె చీరకొంగును పక్కనామె కొంగుతో ముడేశాను. ప్రార్థన మధ్యలో ఇద్దరూ లేవబోయి కూలబడ్డారు. "ఎవురే అది! చెవులు మెలిపెడతా" అని అరిచి, అందరూ తిరిగి చూసేసరికి, "ఆమెన్" అని కలిపేసింది రీలింగు అవ్వ.

అప్పుడప్పుడు తెలుగు పాట కూడా పాడేవారు. పాట ఎత్తేది మా అమ్మ. అమ్మకు తెలుగు చదవడం రాదు. మాలో ఎవరికీ రాదు, చదువంతా అరవమే. వాళ్ళమ్మ నోటినుంచి నేర్చుకున్న పాటలు అవి. కొన్ని మాటలకు అర్థం అమ్మకే తెలియదు. అయినా ఆ గొంతు పెంకుల కిందికి లేచి తిరుగుతుంటే, తెలుగు రాని అరవవాళ్ళు కూడా పల్లవి అందుకునేవారు. మాటలు వంకరటింకరగా పలికేవారు. అమ్మ నవ్వాపుకుంటూ పాడేది.

ఆ ఏడాది ఆడి మాసంలో, అంటే మన ఆషాఢంలో, గాలి బలంగా వీచింది. పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలి, దానితోపాటు రోజంతా సన్నటి తుంపర. ఆరేసిన బట్టలు ఆరేవి కావు, ఇంట్లో అంతా ముక్కిన వాసన. అప్పుడే నడక నేర్చిన మా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. మిల్లు డిస్పెన్సరీలో మందిచ్చారు. తగ్గలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తగ్గలేదు. వాణ్ణి నైనా భుజాన వేసుకుని తిరిగి తెచ్చినప్పుడు నిద్రపోతున్నాడనుకున్నాను. వాడి కాలికి ఉన్న నల్లదారం నైనా చొక్కా గుండీకి చిక్కుకుని ఉంది.

కోయిలువాళ్ళు వచ్చారు. నిజం చెప్పాలి, అందరూ వచ్చారు. మగవాళ్ళు తుంపరలో గొయ్యి తవ్వారు. ఆడవాళ్ళు అమ్మ చుట్టూ కూర్చున్నారు. ఎవరో మా పొయ్యి మీదే బియ్యం, కందిపప్పు కలిపి వండి నాకు ముద్దలు పెట్టారు. ఆ అన్నం వేడిగా ఉంది, ఇంగువ వాసన వేస్తోంది, ఇంకా కావాలనిపించింది. అడగడానికి భయమేసింది.

తమ్ముడి మీద మన్ను పోసేటప్పుడే ఆ మాట పడింది. అన్నది మేస్త్రీ. ఆయన మిల్లులో నైనా పైన మేస్త్రీ, కోయిల్లో సంఘపెద్ద. మంచి ఎత్తు, ఇస్త్రీ పంచె, గొడుగు. ఆయన నైనా భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా, "ఇంట్లో జెపం సరిగ్గా ఉంటే ఇట్లాంటివి రావు. ఇకనైనా తెలుసుకో" అన్నాడు.

నైనా చేతిలో మన్ను అలాగే ఉండిపోయింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. కాసేపటికి నైనా చెయ్యి విప్పి మన్ను వదిలాడు.

తరువాతి ఆదివారం రైలుపట్టా మోగింది. అమ్మ నా జడ వేయడానికి దువ్వెన తీసింది. నైనా గోడకేసి తిరిగి పడుకున్నవాడు అలాగే అన్నాడు: "ఇంక ఆడికి పోవద్దు."

అమ్మ దువ్వెన పట్టుకుని నిలబడింది. నైనా లేచి కూర్చున్నాడు.

"ఇంట్లో జెపం లేదన్నాడు కదా. ఇంట్లోనే చేద్దాం. దేవుడు ఆ పెంకుల కింద మాత్రమే ఉండాడా? మన ముగ్గురం చాలమా ఆయనకు?"

అమ్మ చాప పరిచింది.

మొదట్లో బాగానే జరిగింది. నైనా అరవ బైబిలు ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివేవాడు. మిల్లు రొదలో అరిచి అరిచి బండబారిన గొంతు అది. అప్పుడు మాత్రం మెత్తగా వచ్చేది. చదివినది నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పేవాడు. నాకు హాయిగానే ఉండేది. బిగుతైన జడ లేదు, కలరా ఉండల గౌను లేదు, ప్రార్థన పొట్టిది, వెంటనే కాఫీ. ఇలాగే ఉంటే ఎంత బాగుంటుంది అనుకున్నాను.

చిక్కంతా పాటతో వచ్చింది. నైనాకు పాడటం రాదు. నాకు సిగ్గు. అమ్మే ఎత్తాలి. ఎత్తేది. ఒక చరణం దాకా వెళ్ళేది. ఎక్కడో ఒకచోట ఆమెకు వాడు గుర్తొచ్చేవాడు. అక్కడే ఆగేది. అమ్మ ఆగితే పాట ఆగిపోయేది. ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండేది కాదు, పెంకుల మీద తుంపర తప్ప. నైనా దగ్గేవాడు. పుస్తకం మూసేవాడు. "సరి, జెపం చేద్దాం" అనేవాడు. ఆయన జెపంలో కూడా తమ్ముడి పేరు రాగానే మాట మళ్ళేది, ఇంకేదో చెప్పి ముగించేవాడు. ముగ్గురమూ ఒకే గుంటలో పడ్డవాళ్ళం. ఎవరికి ఎవరు చెయ్యి అందించాలి?

రానురాను నైనాకు ఓపిక తగ్గింది. రాత్రి షిఫ్టు వారాల్లో చదువుతూ చదువుతూనే తల వాలిపోయేది. ఒకసారి అలా నిద్రపోతే నేను ఆయన మీసంలోని దూది పీచు తీసి ముక్కులో పెట్టి తిప్పాను. ఉలిక్కిపడి లేచి, "ఆ, అందుచేత..." అని ప్రసంగం చేస్తున్నట్టు మొదలుపెట్టాడు. అమ్మ పెదాలు కదిలాయి. నవ్వొస్తుందేమో అని ఆశగా చూశాను. రాలేదు.

తరువాత చదవడం మానేశాం. వట్టి ప్రార్థన మిగిలింది. తరువాత అది కూడా, "పొద్దునే చేసుకున్నా మనసులో" అనే మాటగా మారింది. ఎవరూ మానెయ్యాలని మానలేదు. అలిసిపోయాం, అంతే. ఆదివారం వచ్చి ఊరికే పోయేది. అమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చునేది, రాళ్ళు ఏరేది కాదు. నా తలకు నూనె పెట్టడం మర్చిపోయేది. సాయంకాలం దీపం వెలిగించాలని నేనే గుర్తు చేసేదాన్ని. మనిషి ఇంట్లోనే ఉండేది, కాని ఎక్కడో నీళ్ళడుగున ఉన్నట్టుండేది.

రీలింగు అవ్వ మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. కోయిలు వదలగానే వచ్చేది. కాగితం పొట్లంలో వర్కి బిస్కెట్లు తెచ్చి నా చేతిలో పెట్టి, గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఓదార్పు మాటలు ఆమెకు రావు. వచ్చిందంటే ఫిర్యాదులే.

"పోయిన వారం తెలుగు పాట ఎత్తినాం. నువ్వు లేవు. అయ్యగారి ఇంటామె అందుకునింది. దేవుడు చెవులు మూసుకోని ఉంటాడు."

అమ్మ తల దించుకుంది.

"నీ పక్కన కూర్చోని కూర్చోని నాకు పాట వచ్చనుకున్నా. నువ్వు లేకపోతే ఒక్క మాటా రాలేదు. అంతా నీదే అని అప్పుడు తెలిసింది. మోసం చేసినావు కదే నన్ను ఇన్నాళ్ళూ."

మంచం మీదినుంచి నైనా అన్నాడు: "అవ్వా, నీకు తెలీనిదేముంది? మిల్లులో ఆరు దినాలూ ఆ మొగమే చూస్తా. ఏడో దినం కూడా దాన్నే చూడాలా?"

"నేను మాత్రం ఆ మొగం కోసం పోతానా?" అవ్వ అంతే గట్టిగా అంది. "ఆయన నోరు మంచిది కాదు, ఊరికంతా తెలుసు. నా సంగతి వింటావా? మా ఆయన పోయినప్పుడు చాలా కాలం నా నోట ఒక్క జెపం రాలేదు. దేవుడి మీద అంత కోపం. సుమ్మా, ఊరికే పోయి ఆ చాప మీద కూర్చునేదాన్ని. పక్కనోళ్ళు చేస్తా ఉంటే వినేదాన్ని. వాళ్ళు నాకు బదులు చేసినారు తంబీ. ఇంట్లో ఉండింటే ఆ కోపంతోనే చచ్చేదాన్ని."

నైనా గోడవైపు తిరిగాడు. నిద్రపోలేదని నాకు తెలుసు. వీపు చూస్తే తెలుస్తుంది.

అమ్మ అప్పుడు నెమ్మదిగా మాట్లాడింది. చాలా రోజుల తరువాత అంత పొడుగు మాట ఆమె నోట విన్నాను.

"కోయిల్లో నేను ఆగినా పాట ఆగదు అవ్వా. నలుగురూ మోసుకోని పోతారు. మళ్ళా ఊపిరి వచ్చినప్పుడు పోయి కలుసుకోవచ్చు. ఈడ నేను ఆగితే అంతే. అది ఆడనే పడిపోతాది."



ఆ తరువాత ఒక ఆదివారం, గాలి తగ్గి ఎండ కాసింది. నైనా రాత్రి షిఫ్టు దిగి వచ్చి చద్దన్నం తింటూ ఉన్నాడు. రైలుపట్టా మోగింది. అమ్మ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. నన్ను కూర్చోబెట్టి తలకు నూనె పెట్టి జడ వేసింది. 

"నేను పోతా ఉండాను. నీ మీద పంతం కాదు. నువ్వు పడింది నాకూ తెలుసు. కాని నా చేత కావడం లేదు, ఒక్కదాన్నే మోయలేను" అంది అమ్మ.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మగవాడి మాట దాటి గడప దాటే కాలం కాదు అది. నైనా అరుస్తాడనుకున్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, అమ్మ మొహంలోకి చూశాడు.

"పాపను కూడా తీసుకోని పో" అన్నాడు.

మేము వెళ్ళేసరికి ప్రార్థన మొదలైంది. ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. రీలింగు అవ్వ పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. ఎప్పుడూ వచ్చేవాళ్ళకు ఇచ్చినట్టే ఇచ్చింది. కాసేపటికి అయ్యగారు మా వైపు చూశారు. అమ్మ పాట ఎత్తింది. గొంతు సన్నగా, తుప్పు పట్టినట్టు ఉంది. పల్లవి అయింది. చరణం మొదలైంది.  అనుకున్నచోటే అమ్మ ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాట ఆగలేదు. రీలింగు అవ్వ గరగర గొంతుతో అందుకుంది. వెనకనుంచి ఎవరెవరో కలిశారు. తెలుగు రాని అరవవాళ్ళు సగం మాటలు మింగేస్తూ, సగం మాటలు విరిచేస్తూ పాడారు. శ్రుతి లేదు, తాళం లేదు. మగవాళ్ళు ఒక వేగంతో, ఆడవాళ్ళు ఒక వేగంతో. ఆ గందరగోళం మధ్య అమ్మ ఏడ్చింది. ఎంత ఏడవాలో అంతా ఏడ్చింది. ఆమె ఏడుపు ఎవరికీ వినబడలేదు, పాట కింద దాక్కుంది. చివరి చరణంలో మళ్ళీ అమ్మ గొంతు పైకి వచ్చింది. నాకు చాలా వింతగా అనిపించింది. వాళ్ళు పాట పట్టుకుని ఆమె కోసం ఆగినట్టు అనిపించింది. ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరింది.

ఇక నైనా సంగతి. ఆయన ఒక్కడే ఇంట్లో ఉండేవాడు. మేము తిరిగొచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళు కాగుతుండేవి. "ఎవరు వచ్చినారు?" అని అడిగేవాడు. మేస్త్రీ సంగతి అడిగేవాడు కాదు.

కొన్నాళ్ళకు ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారం వచ్చింది. రొట్టె, ద్రాక్షరసం బల్ల మీద పెట్టి అయ్యగారు ఎప్పటిలాగే ఒక మాట చెప్పారు. ఎవరి మనసులోనైనా ఎవరి మీదనైనా ఏమైనా ఉంటే ముందు అది సరిచేసుకుని రండి, అని. అది ప్రతిసారీ చెప్పే మాటే, ప్రతిసారీ ఎవరూ కదలరు. ఆ రోజు మాత్రం రీలింగు అవ్వ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది.

"మేస్త్రీ, నువ్వు ఒక ఇంటికి పోయి రావల్ల ఇంకా" అంది.

 అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేస్త్రీ మొహం ఎర్రబడింది. మిల్లులో ఆయన ముందు నోరెత్తినవాడు లేడు. ఇక్కడ ఒక ముసలిది, ఒకప్పుడు మిల్లులో ఆయన్ను చూడగానే లేచి నిలబడిన మనిషి, నలుగురిలో నిలదీసింది. అయ్యగారు ఆమెను కూర్చోమనలేదు. మెల్లగా పాట మొదలుపెట్టారు. జనం వరసగా బల్ల దగ్గరికి వెళ్ళారు. మేస్త్రీ వెళ్ళలేదు. ఇస్త్రీ పంచెలో అలాగే తల వంచుకుని కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం ఎండలో మా గుమ్మం ముందు చెప్పులు విప్పాడు. నైనా లేచి నిలబడ్డాడు. మిల్లు అలవాటు.

"ఆ దినం నేను అన్న మాట," అన్నాడు మేస్త్రీ.  "ఏదో చెప్పాలని... నాకు ఓదార్చడం చేతకాదు. అది తప్పు మాట. బిడ్డను పూడ్చేచోట అనాల్సింది కాదు."

"ఇంకో చోట అనొచ్చునా?" అన్నాడు నైనా.

"యాడా అనకూడదు" అన్నాడు మేస్త్రీ, నేలవైపు చూస్తూ.

నైనా ముక్కాలిపీట ముందుకు జరిపాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. మేస్త్రీ తాగాడు. మిల్లు గురించి కూడా ఏమీ మాట్లాడుకోలేదు. గ్లాసు కింద పెట్టి, నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

"నాకు ఇంకా మంట తగ్గలేదు," అన్నాడు నైనా, ఆయన మలుపు తిరిగాక. "ఆయన అన్నంత మాత్రాన తగ్గదు."

"తగ్గినాక పోదామంటే ఎప్పుడూ పోలేము," అంది అమ్మ గ్లాసు కడుగుతూ. "పోతా ఉంటే తగ్గుతాదేమో."

నైనా వెంటనే కోయిలుకు రాలేదు. క్రిస్మస్‌కు వస్తాడనుకున్నాను. అమ్మ అరిసెల్లాంటి అత్తిరసాలు వండింది, నాకు కొత్త పావడా కుట్టించారు. ఆయన రాలేదు. ఆ పండగంతా నాకు చేదుగా ఉంది. ఏ విశేషమూ లేని ఒక ఆదివారం, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. తలనిండా దూది. తలుపు దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ప్రసంగం మొదలయ్యేలోపే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, పసిబిడ్డలా. ఇంట్లో కూడా ఆయన అంత బాగా నిద్రపోవడం నేను చూడలేదు. ఎవరూ లేపలేదు.

తరువాత ఎన్నో ఏళ్ళు అలాగే గడిచాయి. నైనా, మేస్త్రీ స్నేహితులు కాలేదు. మిల్లులో ఆయన పై మనిషి, ఈయన కింది మనిషి. కోయిల్లో ఒకే వరసలో నిలబడి ఒకే గిన్నెలోంచి తాగేవారు. ఇంటికెళ్ళే దారిలో చెరో పక్కా నడిచేవారు. అదేం సావాసం అని నాకు వయసులో కోపంగా ఉండేది. పెళ్ళై, పిల్లలను కని, ఒకరిద్దరిని పోగొట్టుకుని, నేను కూడా అలాంటి మనుషుల పక్కన కూర్చుని పాడవలసి వచ్చినప్పుడు కోపం పోయింది. మనకు నచ్చినవాళ్ళను మనం ఇంటికి పిలుచుకుంటాం. నచ్చనివాళ్ళ పక్కన కూడా చోటు చూసుకుని కూర్చోవడం అక్కడే నేర్చుకున్నాను. పూర్తిగా వచ్చిందని చెప్పను.

తరువాత మిల్లు ఒక్కొక్క షిఫ్టే తగ్గిస్తూ వచ్చి చివరికి మూతపడింది. లైనిళ్ళు కూల్చారు. జనం తిరుప్పూరుకు కొందరు, మదురైకి కొందరు, ఎటు బతుకుంటే అటు వెళ్ళిపోయారు. రీలింగు అవ్వ ఆ చాప మీదినుంచే ఒక ఆదివారం లేవలేదు. అమ్మ పోయింది. ఆమె పాటల్లో నాకు సగమే వచ్చు, నా కూతురికి అదీ రాదు.

మేస్త్రీ పోయినప్పుడు మోయడానికి మనుషులు లేరు. కొడుకులు దూరాన ఉన్నారు. నైనాకు అప్పటికే మిల్లు దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా పాడెకు ఒక కొమ్ము పట్టాడు. వద్దన్నా వినలేదు. గుంట దగ్గర పాట పాడారు. పాడటం రాని మా నైనా కూడా నోరు కదుపుతూ పాడాడు. మన్ను తీసుకుని మెల్లగా వదిలాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తూ అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నైనా, ఆయన్ను క్షమించినావా?"

ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. 

"ఏమో పాపా. ఇన్నేండ్లు ఆయన పక్కన నిలబడి పాడినా కదా. ఆ మంట యాడ పోయిందో, ఎప్పుడు పోయిందో చూసుకోలేదు" అన్నాడు.

ఇంటికొచ్చాక స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టమన్నాడు. పెట్టాను.